లేని నొప్పి

నూట పద్నాలుగును ఇంకా పిలవలేదు. మైకులో ఇప్పుడే తొంభై ఆరు అన్నారు. సమ్మక్కకు చదువు రాదు గానీ అంకెలు వచ్చు. కేసముద్రం మార్కెట్ యార్డులో పదహారేళ్లుగా మిర్చి బస్తాల మీది నంబర్లు చూసీ చూసీ అవి కంటికి అంటుకుపోయాయి. తొంభై ఆరు నుంచి నూట పద్నాలుగుకు పద్దెనిమిది మంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు వేసుకున్నా గంట పడుతుంది. గంట ఎంతలో పోతుంది, యార్డులో అయితే తాలుకాయ ఏరుతూ తల ఎత్తేసరికి గడిచిపోతుంది, ఇక్కడ మాత్రం గంట కదలదు, ఎండలో పడుకున్న బర్రెలా లేవమన్నా లేవదు. జనగామ కరెంటు ఆఫీసు వెనక మైదానంలో పాతిన ఆ సిమెంటు స్తంభాలకు తీగలు లేవు. అవి ఏ ఊరికీ కరెంటు మోయవు, లైన్‌మన్ ఉద్యోగం పరీక్షకు వచ్చిన పిల్లలు ఎక్కి దిగడానికే పాతారు. పొద్దున రైల్లో రూప ఆ మాటే మూడుసార్లు చెప్పింది. "తీగలుండయి అమ్మా, కింద ఇసుక పోస్తరు, నడుముకు తాడు కడ్తరు, జారినా ఏం గాదు." చెప్పి, మైదానంలోకి పోయే ముందు వెనక్కి వచ్చి వేపచెట్టు కింద చోటు వెతికి, తన చున్నీతోనే దుమ్ము దులిపి తల్లిని కూర్చోబెట్టింది. "ఈడనే నీడకు కూసో. ఎండకు రాకు. ఛాతీల పట్టినట్టనిపిస్తే గోళి నాలుక కింద పెట్టుకో, సంచిల పై అరల ఉన్నయి. నన్ను చూడాలని ముందటికి ఉరకకు, జనం దొబ్బుతరు." తల్లి కూతురికి చెప్పవలసిన జాగ్రత్తలన్నీ కూతురే తల్లికి చెప్పి, ఛాతీ మీద నంబరు కాగితం సవరించుకుంటూ వెళ్లింది. సంచిలో ఆ గోళీలు ఉన్నాయి. ఏడాదిగా సమ్మక్క ఎక్కడికి పోతే అక్కడికి అవీ పోతున్నాయి. సమ్మక్కకు గుండె జబ్బు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

విజిల్ మోగింది. జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల ఎవరో పిల్ల స్తంభాన్ని వాటేసుకుని పైకి పాకుతోంది. విజిల్ అంటే రైలే గుర్తొస్తుంది, పోయినేడు కూడా ఇదే పరీక్ష, ఇదే మైదానం, కేసముద్రం స్టేషన్లో పొద్దుటి రైలు కోసం నిలబడ్డారు. రూప చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఐటీఐ కాగితాలు, హాల్ టికెట్టు. రైలు మానుకోట వదిలిందో లేదో అని రూప పట్టాల మీదికి వంగి చూసింది. అలా వంగడం చూసి సమ్మక్క గుండె జారింది, అది నిజం, జారడం వరకూ నిజమే. ఆ తర్వాత జరిగింది ఆమె ముందుగా అనుకున్నది కాదు. చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది. మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. ప్లాట్‌ఫారం మీద చల్లటి బండ తగిలాక, ఫైలు కింద పారేసి "అమ్మా" అని రూప అరిచాక, ఇక లేవవచ్చు, ఏం లేదే బిడ్డా కళ్లు తిరిగినయి అంతే అనవచ్చు, అనడానికి నోరు కూడా తెరిచింది. అప్పుడే రైలు వచ్చింది. తెరిచిన నోట్లోంచి మూలుగు వచ్చింది. రైలు రెండు నిమిషాలు ఆగింది. ఆ రెండు నిమిషాలు సమ్మక్క కళ్లు మూసుకుని బండ మీద పడుకునే ఉంది. రైలు కదిలిన చప్పుడు వీపుకు తెలిసింది. రూప ఒక్కసారి కూడా రైలువైపు చూడలేదని ఆమెకు తెలుసు, ఎందుకంటే రూప కన్నీళ్లు ఆమె మొహం మీదే పడ్డాయి. ఆటోలో మానుకోట దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ గీతల కాగితం తీసి చూసి, "గుండెకు ఏం లేదు, మంచిగున్నది, గ్యాస్ అయి ఉంటది" అంది. బతికించింది అనుకుంది సమ్మక్క. కానీ రూప ఒప్పుకోలేదు. "ఒక్క కాగితంల ఏం తెలుస్తది మేడం? మా బాపు సుత పొద్దుగాల మంచిగనే ఉండె" అంది, పట్టుబట్టి ఆ గోళీలు రాయించుకుంది. ఆ మాట అన్నప్పుడు రూప మొహం చూసింది సమ్మక్క. ఆ చూపు ఎక్కడో చూసినట్టే ఉంది, ఎవరిదో గుర్తుకు రాలేదు. రావడానికి ఏడాది పట్టింది.

"తొంభై తొమ్మిది." పక్కన ఎవరో ధబాలున కూలబడ్డారు. మానుకోట అవతలి తండా నుంచి వచ్చిన మోతీబాయి, రైల్లోనూ ఎదుటి బెంచీ మీదే కూర్చుంది, చేతుల నిండా తెల్ల గాజులు, నోటి నిండా మాటలు. ఆమె బిడ్డది నూట రెండు. "మా పిల్ల తాటిచెట్టు ఎక్కినట్టు ఎక్కుతది అక్కా. ఊళ్లె అందరూ నవ్విన్రు, ఆడివిల్ల కరెంటు స్తంభం ఎక్కుడేందని. ఎక్కినంక వాళ్ల ఇంట్ల కరెంటు బుగ్గ వెలగాలంటె మా పిల్ల కాళ్లు మొక్కుతరు తియ్యి!" అని పెద్దగా నవ్వింది. చుట్టుపక్కల నలుగురు తిరిగి చూశారు. సమ్మక్క నవ్వలేదు. "నువ్వేంది అక్కా, దవాఖానల కూసున్నట్టు కూసున్నవ్? పిల్ల పరీక్షకు పోయింది గని పెద్దపులి నోట్లెకు పోలే. జర నవ్వు." నవ్వమంటోంది. ఈ మోతీబాయికి చెప్పినా నమ్మదు, ఒకప్పుడు నవ్వంటే పుట్టిన ఊరు రేగొండలో సమ్మక్కదే నవ్వు. జాతర ఏడు పుట్టిందని ఆ పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టు జాతరలాగే ఉండేది, నలుగురి మధ్య సందడిగా. బావి గడ్డ మీద నుంచి కాళ్లు ముడుచుకుని దుంకేది, నీళ్లు ఒడ్డున ఉన్నవాళ్ల మీద ఎగిరి పడేవి. చింతచెట్టు చివరికొమ్మ దాకా ఎక్కి అక్కడి నుంచి కిందున్న తమ్ముళ్ల మీద పిందెలు విసిరేది. కన్న అవ్వ తిట్టేది, "నువ్వు ఆడివిల్లవా కోతివానే?" అని, తిడుతూనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నగేష్ మొదట విన్నది కూడా ఆ నవ్వే. బోరు మోటరు కాలిపోతే వైండింగ్ చేయడానికి పిలిపించారు అతన్ని, కేసముద్రం నుంచి వచ్చి రేగొండలో షాపులో పనిచేస్తున్నాడు, వేళ్లకు ఎప్పుడూ రాగితీగ గీతలు. రెండు రోజులు మోటరు విప్పి బిగించాడు. ఆమె మజ్జిగ ఇవ్వడానికి పోతే, "బాగైంది గని, మళ్ల ఎల్లుండి కాలిపోతది" అన్నాడు. "ఎందుకట్ల?" అంటే, "నేను మళ్ల రావాలె గద" అన్నాడు, తల ఎత్తకుండా, స్క్రూ బిగిస్తూ. ఆమె నవ్విన నవ్వుకు చేలో కొంగలు లేచాయి. నాలుగు నెలల తర్వాత అతని బండి మీద పరకాల దాటి, వరంగల్ దాటి కేసముద్రం పోయింది. దారి పొడుగునా గాలికి కొంగు ఎగురుతుంటే పట్టుకోలేదు. "జర గట్టిగ పట్టుకో" అంటే "పడనియ్యి, పడితె లేస్త" అంది. ఆ మాట తనే అన్నదా. ఆ నోరేనా ఇది. పడితే లేస్త.

"నూట రెండు" అనగానే మోతీబాయి లేచి తాడు దగ్గరికి ఉరికింది. ఆమె బిడ్డ నిజంగానే తాటిచెట్టు ఎక్కినట్టే ఎక్కింది, దిగింది, నలభై ఒక్క సెకన్లు అని మైకులో చెప్పారు, మోతీబాయి అక్కడే రెండు చేతులూ ఎత్తి గిరగిరా తిరిగింది. సమ్మక్క అటు చూస్తోంది గానీ కళ్ల ముందు నాటు వేస్తున్న మడి ఉంది, మోకాలి లోతు బురద, వంగిన నడుములు, ఆషాఢం మబ్బు. రూపకు ఆరేళ్లు. ఆ సాయంత్రం ముగ్గురూ మానుకోట పోవాలి, బిడ్డకు బడి సంచి కొనాలి, సినిమా చూడాలి. పొద్దున గడప దాటుతున్న మొగుడికి వేలు చూపించి చెప్పింది, "మూడింటికల్లా ఇంట్ల ఉండాలె. లేకపోతె నేను, బిడ్డ ఇద్దరమే పోతం." రెండున్నరయ్యాక నాటు వేసే ఆడవాళ్లతో అదే చెబుతోంది, "ఇయ్యాల మా ఆయన ఎట్ల ఉరుకుతుంటడో చూడుండ్రి, చెప్పులు సుత మర్చిపోయి ఉరుకుతుంటడు" అని, అతను ఉరికే తీరు బురదలోనే చేసి చూపించి నవ్వింది. మడి మడంతా నవ్వింది. గట్టు మీద నుంచి సాంబయ్య ఉరికి వచ్చాడు. అతని బావి దగ్గరే నగేష్ స్టార్టర్ డబ్బా బాగుచేస్తున్నాడు. సాంబయ్య ముందు ఏమీ మాట్లాడలేకపోయాడు. ఆమెకు ఇంకా నవ్వు ఆగలేదు, "ఏంది సాంబన్నా, ఎందుకట్ల ఆయాసపడుతున్నవ్" అని నవ్వుతూనే అడిగింది. నగేష్ ఫ్యూజు తీయకుండానే డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఊరంతా అదే అంది, "అంత తెలిసినోడు, ఎట్ల మర్చిపోయిండు?" ఎట్లా మర్చిపోయాడో సమ్మక్కకు తెలుసు. మూడింటికి ఇంట్లో ఉండాలని. పదకొండో రోజున సాంబయ్య వచ్చి తలదించుకుని కూర్చుని, ఏ చెడు బుద్ధీ లేకుండానే, ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడాడు. "గన్ని పొలాలల్ల నువ్వు యాడున్నవో తెల్వక పరేషాన్ అయిన చెల్లె. నీ నవ్వు వినవడ్డది. గా దిక్కు ఉరికిన." ఆ పూటే ఏదో తెగింది. ఆమె నవ్వే దారి చూపించి ఆ కబురును ఇంటికి పిలుచుకొచ్చినట్టు. చావుకు తన గొంతు గుర్తు దొరికినట్టు. ఇక గొంతు బయటికి రానివ్వకూడదు. ఇక దేన్నీ రానివ్వకూడదు.

అట్లా ఎవరూ నిర్ణయించుకుని మారరు. బురద ఎండినట్టు ఎండుతారు, ఎప్పుడు గట్టిపడిందో తెలియదు. ఇంటి పక్క వేపకొమ్మకు కట్టిన ఊయల తాడు కోసేసింది. రూప సైకిలు అడిగితే ఇవ్వలేదు. బడిపిల్లలు రామప్ప చూడటానికి పోతుంటే కడుపునొప్పని సారుకు కబురు చేసింది. ఇప్పుడు తలచుకుంటే మొదటి దొంగనొప్పి అదే, బిడ్డ పేరు మీద చెప్పింది. బావి వైపు పోవద్దు, గోడ ఎక్కొద్దు, స్విచ్చి తడి చేత్తో ముట్టొద్దు, పొడి చేత్తోనూ ముట్టొద్దు. "దిగు" అనే మాట రోజుకు ఎన్నిసార్లు అరిచేదో. గద్దె మీది నుంచి దిగు, బల్ల మీది నుంచి దిగు, ఎక్కడ ఎక్కితే అక్కడి నుంచి దిగు. పెళ్లప్పటి నుంచి మాట్లాడని తండ్రి, నగేష్ పోయాకే ఆమె గడప తొక్కాడు, రేగొండ వచ్చెయ్యమన్నాడు. పోలేదు. అవ్వ మాత్రం వచ్చి నెల రోజులు ఉండిపోయేది. రూపకు పదకొండేళ్లున్నప్పుడు కూడా అవ్వ అక్కడే ఉంది, ఆ సాయంత్రం ఇంట్లో కరెంటు పోయింది. వాడంతా వెలుగుతోంది, వీళ్ల ఇల్లు ఒక్కటే చీకటి. సమ్మక్క యార్డు నుంచి వచ్చేసరికి ఇల్లు వెలుగుతోంది. గోడకున్న ఫ్యూజు పెట్టె కింద స్టూలు, స్టూలు మీద రూప. తండ్రి పెట్టెలోంచి తీసిన టెస్టరు చేతిలో ఉంది, కొత్త తీగ చుట్టిన ఫ్యూజు దాని చోట్లో కూర్చుంది. పిల్ల మొహం ఎట్లా ఉంది అప్పుడు, దీపం కంటే ఎక్కువ వెలుగుతోంది, "అమ్మా, నేనే ఏసిన!" అంది. సమ్మక్క కొట్టింది. స్టూలు మీద నుంచి లాగి కొట్టింది, చెంప మీద, వీపు మీద, ఎక్కడ తగిలితే అక్కడ. పిల్ల ఏడుస్తూ ఒకటే మాట అంది, "మెయిన్ బంద్ చేసిన అమ్మా... మెయిన్ బంద్ చేసినంకనే ముట్టిన." అవ్వ అడ్డం వచ్చి మనవరాలిని పొట్టకు హత్తుకుని, సమ్మక్క కళ్లలోకి చూసి చెప్పింది. "నా బిడ్డను ఎవలో ఎత్తుకపోయి నిన్ను తెచ్చి పెట్టిన్రే. నువ్వు ఎవలివో నాకు తెల్వదు." ఆ మాటకు సమ్మక్కకు కోపం వచ్చింది. ఎన్నో ఏళ్లు ఉంది ఆ కోపం. అవ్వ పోయింది, కోపం మిగిలింది. కానీ బిడ్డ అన్న మాట, అది ఇన్నేళ్లలో ఒక్కసారీ చెవిన పడలేదు, కొడుతున్నప్పుడు విన్నది కూడా విన్నట్టు కాదు. మెయిన్ బంద్ చేసినంకనే ముట్టిన. వాళ్ల బాపు మర్చిపోయింది పదకొండేళ్ల పిల్ల మర్చిపోలేదు. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, ఆమే ఆలోచించుకుంది, బాపు ఎట్లా పోయాడో కూర్చుని ఆలోచించుకుని ఉంటుంది, ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా, తనకు తానే. తల్లిని అడగలేదు. అడిగితే తల్లి మొహం ఎట్లా అవుతుందో తెలుసు.

"నూట ఎనిమిది." నీడ జరిగింది. సమ్మక్క జరగలేదు, ఎడమ భుజం మీద ఎండ పడుతోంది. ఒకవేళ ఇప్పుడు కూడా పడిపోతే. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అనుకోవడానికి లేదు, పొద్దున రైలెక్కినప్పటి నుంచీ అది పక్కనే కూర్చుని వస్తోంది. ఊరికే కాస్త పక్కకు ఒరిగితే చాలు, మోతీబాయి అరుస్తుంది, మైకులో పిలుస్తారు, రూప ఉరికొస్తుంది. అంత సులువు. పోయినేడు తర్వాత ఎంత సులువుగా గడిచిందో. రూప పొద్దున్నే నీళ్ల బిందె తనే ఎత్తేది, తల్లి చేతికి చీపురు కూడా ఇచ్చేది కాదు. యార్డులో ఉంటే మధ్యాహ్నం లోపు రెండుసార్లు ఫోను. భూపాలపల్లిలో దోస్తు పెళ్లి అయితే పోలేదు, "ఒక్క రాత్రి నిన్ను ఇడిచి పెట్టి ఎట్ల పోవాలె" అంది. సాయంత్రం రైల్వే గేటు అవతల టీక్యా తాత దగ్గరికి పోయేది. తండాలో ఉండే పాత లైన్‌మన్, పనికిరాక పడేసిన స్తంభాన్ని పాతించి పిల్లలకు ఎక్కడం నేర్పేవాడు. అక్కడి నుంచి కూడా మధ్యలోనే ఇంటికి వచ్చేసేది, చూసి పోవడానికి. ఓసారి టీక్యా మార్కెట్టుకు వచ్చి సమ్మక్కతో అన్నాడు. "నీ బిడ్డకు చేతులల్ల బలం ఉన్నది, కాళ్లల్ల పట్టున్నది. పైకి పోయినంక మాత్రం మనసు కిందనే ఉంటది. గట్లయితె కష్టం చెల్లే. స్తంభం మీదికి పోయినోడు స్తంభం మీదనే ఉండాలె." అప్పుడు ఆమె మురిసింది. మనసు కిందనే ఉంటుందట, కింద తను ఉంది మరి. ఎంత సిగ్గులేని సంతోషం అది. పొయ్యి ముందు కూర్చున్నట్టు బిడ్డ భయం ముందు చేతులు చాపి వెచ్చగా కూర్చుంది ఏడాది పాటు.

"నూట పద్నాలుగు. రూప." అయ్యో, మధ్యలో అంకెలు ఎటు పోయాయి? సమ్మక్క లేవబోయి, ముందటికి ఉరకకు అన్న మాట గుర్తొచ్చి కూర్చుంది. జనం తలల సందుల్లోంచి చూస్తే రూప స్తంభం ముందు నిలబడి అరచేతులకు మట్టి రుద్దుకుంటోంది. నడుముకు తాడు కట్టారు. విజిల్. రూప స్తంభాన్ని కావలించుకుంది, మోకాళ్లు బిగించింది, లేచింది, మళ్లీ బిగించింది, లేచింది. ఎంత నున్నగా పోతోంది, సమ్మక్క అనుకుంది, భయపడటం కూడా మర్చిపోయి. ఆ మోకాళ్లు తనవే, చింతచెట్టు మీది మోకాళ్లు. సగం దాటింది. కింద ఎవరో "శెభాష్" అన్నారు. బాగా కనిపించాలని ముందున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు. పైన ఎర్రరంగు గీత, దాన్ని ముట్టి దిగాలి, అంతా నిమిషంలో. రూప గీతను ముట్టింది. ముట్టి, దిగలేదు. తల తిప్పింది. ఒక్క చేత్తో స్తంభాన్ని పట్టుకుని వేపచెట్టు వైపు చూస్తోంది. లేచి నిలబడ్డ జనం వెనక, వేపకొమ్మల కింద కూర్చున్న తల్లి ఆమెకు కనిపించడం లేదు. మెడ చాచింది. కళ్లు ఇటూ అటూ పోతున్నాయి. గడియారం పట్టుకున్న సారు "దిగమ్మా, దిగు, టైం పోతుంది" అంటున్నాడు, రూపకు వినపడటం లేదు. ఆ మొహం. మానుకోట దవాఖానలో చూసిన మొహం. ఎవరిదో ఇప్పుడు తెలిసింది. అది రూప మొహం కాదు, పదహారేళ్లుగా అద్దంలో చూస్తున్న తన మొహం. బిడ్డ మొహం తీసేసి ఎవరో తన మొహం తగిలించారు. ఎవరో ఏమిటి, తనే. రూప నడుముకు తాడు ఉంది, కింద ఇసుక ఉంది, పైన తీగలే లేవు, ఆమెకు ప్రమాదం ఎక్కడి నుంచీ లేదు. ఉన్నది వేపచెట్టు కింద.

సమ్మక్క లేచింది. సంచి పడిపోయింది, చూడలేదు. భుజాలతో జనాన్ని తోసుకుంటూ తాడు దాకా, ఎండలోకి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి అరిచింది. "రూపా! గిక్కడ్నే ఉన్న! మంచిగున్న! నాకేం లేదు! దిగు బిడ్డా, దిగు!" ఎప్పుడూ అరిచే మాటే. కానీ ఆ గొంతు అది కాదు, అది మైదానం అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చింది. రూప చూసింది. ఒక్క క్షణం కళ్లు కలిశాయి. అంతే, జారింది, స్తంభం మీద అరచేతులు కాలేలా సర్రున జారి ఇసుకలో రెండు కాళ్ల మీద పడింది. సారు గడియారం చూసుకున్నాడు, కాగితం మీద రాశాడు, మైకు దగ్గరున్న మనిషికి చూపించాడు. "యాభై ఎనిమిది సెకన్లు. పాస్." మోతీబాయి వెనక నుంచి వచ్చి సమ్మక్క మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది.

రూప తాడు విప్పించుకుని ఉరికొచ్చింది. పాసైన పిల్లలా లేదు. "ఎండకెందుకొచ్చినవ్? చెప్పిన్నా లేదా నీకు? సంచి ఏది? ఛాతీల పట్టిందా?" మోతీబాయి సంచి అందిస్తే, తోలు లేచిన వేళ్లతో పై అర విప్పి గోళి తీసింది. తల్లి నోటి దగ్గరికి తెచ్చింది. సమ్మక్క పెదాలు బిగించింది. ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని కిందికి దించింది.

"నాకు ఏ నొప్పి లేదు రూపా."

"ఇప్పుడు లేకపోయినా పెట్టుకో, ఏం గాదు."

"పోయినేడు సుత లేకుండె."

రూపకు వెంటనే అర్థం కాలేదు. ఏదో అనబోతున్న మోతీబాయి ఆ తల్లి మొహం చూసి మెల్లగా పక్కకు తప్పుకుంది.

"స్టేషన్ల పడ్డది... నిజం గాదు. నువ్వు పోవద్దని పడ్డ. రైలు ఎళ్లిపోయేదాక కండ్లు తెర్వలే."

గోళి రూప వేళ్ల మధ్యనే ఉంది. మైకులో నూట పదిహేను, నూట పదహారు అన్నారు. అరిస్తే బాగుండు, కొట్టినా బాగుండు అనుకుంది సమ్మక్క. రూప అడిగినప్పుడు గొంతు మామూలుగానే ఉంది, దానికే భయమేసింది.

"నేను తెల్లారుజామున లేచి నీ ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తున్న, శ్వాస ఆడుతుందా లేదా అని. ఏడాది సంది. ఒక్క రోజు తప్పలే. ఎరుకనా నీకు?"

"ఎరుకే."

"ఎరుకనా? మేల్కొని ఉంటివా?"

అబద్ధం చెప్పవచ్చు. ఒక్కసారి తెలిసింది, తర్వాత తెలియలేదు అనవచ్చు. సమ్మక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "నీ చెయ్యి వచ్చేదాక నిద్ర పట్టకుండె. వచ్చినంక పట్టేది."

రూప తల తిప్పుకుంది. ఆమె భుజాలు ఒకసారి లేచి పడ్డాయి. గోళిని ఇసుకలో పారేయలేదు, విసిరికొట్టలేదు, వెనక్కి సంచిలో కూడా పెట్టలేదు, అక్కడ చెత్త డబ్బా ఉంటే నడుచుకుంటూ పోయి అందులో వేసింది. తిరిగి వచ్చి, తల్లి మొహం వైపు చూడకుండా చెప్పింది. "నాతోని కొన్ని దినాలు మాట్లాడకు. ఎన్ని దినాలో నాకు సుత తెల్వదు."

"సరే బిడ్డా."

"సరే అనుడు సుత మాట్లాడుడే."

సమ్మక్క తలూపింది. ఊరుకోవడం కష్టమేమీ కాదు, ఊరుకోవడం ఆమెకు ఏనాడో అలవాటైంది. కానీ ఇది వేరే మౌనం, లోపల ఏమీ దాచుకోని మౌనం, ఖాళీ చేసిన గంప నెత్తిమీద పెట్టుకుని నడిచినట్టు ఉంది, మెడకు బరువు లేక అడుగు తడబడుతోంది. జనగామ స్టేషన్ దాకా రూప నాలుగడుగులు ముందు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డు దాటేటప్పుడు కూడా చూడలేదు, ఏడాదిలో మొదటిసారి. అది దెబ్బలా తగిలింది, తగలనీ అనుకుంది. ఏదో ఒక పూట మళ్లీ చూస్తుంది. చూడకపోతే, ఆ చూపుకు తను ఏం చేసిందో అది తనకు తెలుసు. పోస్టింగు ఎక్కడ వస్తుందో, తరిగొప్పులో, రేగొండో, ఏ మారుమూలో, వానలో గాలిలో తీగ తెగితే ఈ పిల్లే పోవాలి. పోతుంది. ఆ రాత్రులు ఎట్లా గడుస్తాయో ఇప్పుడు ఊహకు అందదు. భయం పోలేదు. అది పోతుందని ఎవరూ చెప్పలేదు కూడా. అది తన గుండెలో ఉండాలి, తనతోనే ఉండాలి, అంతే.

రైలు కిక్కిరిసి ఉంది. రూప ఒక సీటు దొరకబుచ్చుకుని, దాని మీద సంచి పెట్టి, తల్లికి కంటితో చూపించి తను వెళ్లిపోయింది. తలుపు దగ్గరికి. వరంగల్ దాటాక జనం పలచబడి సీట్లు ఖాళీ అయినా రాలేదు. తెరిచిన తలుపులో, కమ్మీ పట్టుకుని, కాస్త బయటికి వంగి నిలబడింది. గాలికి జడ విడిపోయి వెంట్రుకలు వెనక్కి కొడుతున్నాయి. పత్తిచేలు పోతున్నాయి, వరికోతలు అయిన మడులు పోతున్నాయి, పట్టాల పక్క స్తంభాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, రూప వాటిని చూస్తోందో గాలిని చూస్తోందో. లోపలికి రా అనే మాట సమ్మక్క నాలుక చివరి దాకా వచ్చింది. నెక్కొండ దాకా వస్తూనే ఉంది. పక్కన ముసలావిడ ఒకామె, మోకాళ్ల మీద మూట పెట్టుకుని, చాలాసేపటి నుంచి తలుపు వైపే చూస్తూ ఇక ఉండబట్టలేక మోచేత్తో పొడిచింది.

"గా పిల్ల నీ బిడ్డేనా? గట్ల వంగి నిలబడ్డదేంది? లోపలికి రమ్మనరాదు, పడ్తది."

"పడదు" అంది సమ్మక్క. కొంగు కింద ఆమె రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉన్నాయి.